పరిశోధకుని చేతి ఈ-రీడరు: దోర్నపాల్ నేర్పిన ప్రమాణము

దోర్నపాల్ దక్షిణ బస్తరునందలి చిన్న పట్టణము. 2012లో దంతెవాడ నుండి విడివడిన సుక్మా జిల్లాలో, జగదల్‌పూరునుండి కుంట మీదుగా చింతూరువైపు దిగు రహదారిమీద నున్నది. తూర్పున శబరి నది. దాని కావలియొడ్డు ఒడిశాలోని మల్కనగిరి సీమ. దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ, తెలుగు ఆ ప్రాంతపు సంతలలో ఒకదాని ప్రక్క నొకటి వినబడును. బడిలో నేర్పునది హిందీ. తెలుగు చాలమందికి చెవికి తెలిసినదే కాని కంటికి తెలిసినది కాదు. సల్వాజుడుం కాలమున, 2006 ప్రాంతములో, చుట్టుపట్ల పల్లెలవారిని తరలించి యిచ్చట శిబిరమున నుంచిరి. అందుచే పెక్కు గ్రామముల పలుకు లొక్కచోటికి చేరినవి. తెలుగునకును కోయభాషకును గల సంపర్కమును పరిశీలింపదలచినవాడు వెళ్లదగిన తావులలో నిది యొకటి. అయితే అతడు తనకు కావలసిన గ్రంథములను తన సంచిలోనే తీసికొని పోవలెను.

ఈ వ్యాసమునకు ప్రేరణ యట్టి సంచియే. మా పరిశోధక విద్యార్థి యొకడు ఆరంగుళముల తెర గల ఈ-రీడరులో పాత పదపట్టికలను, వ్యాకరణములను నింపుకొని దోర్నపాల్ వెళ్లెను. ఒక పదపట్టికలోని మాటను చదివి, అది వాడుకలో నున్నదా యని యొక వృద్ధుని నడిగెను. ఆయన తల యడ్డముగా త్రిప్పి, ఆ మాట తమది కాదనెను. విద్యార్థి ‘వాడుకలో లేదు’ అని వ్రాసికొనెను. తిరిగి వచ్చిన పిదప అచ్చుపుస్తకము తెరచి చూడగా, రోమను అక్షరము క్రింద నొక చుక్క కనబడినది. తాను దంత్యముగా పలికినది మూర్ధన్యము. మాట బ్రతికియే యున్నది. చుక్క మాత్రము తెరమీద చచ్చినది. అచ్చుప్రతి చేతికి రాకున్నచో ఆ తప్పు సిద్ధాంతగ్రంథములోనికి ఎక్కి, దానినుండి మరియొకరి గ్రంథములోనికి ప్రాకియుండెడిది.

కావున, ఏ ఈ-రీడరు కొనవలెనని విద్యార్థు లడిగినప్పుడు, తేలికయైనదనియో చవుకయైనదనియో చెప్పుట చాలదు. మనము చదువు పుటలలో మిక్కిలి కష్టమైనదానిని, వలసంబంధము లేనిచోట, చుక్కతో సహా చూపగలదా? ఇదియే మొదటి ప్రశ్నగా నుండవలెనని నా యభిప్రాయము. ఆంగ్ల నవలలు చదువువారికి వ్రాసిన సలహాలు మనకు సరిపోవు. ఏలయన మన గ్రంథసామగ్రి వేరు.

ఆ సామగ్రి మూడు విధములు. మొదటిది పాత పుస్తకముల ఛాయాచిత్రములు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున తీసిన తెలుగు పుస్తకముల ప్రతులు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో విరివిగా దొరకుచున్నవి. కొన్ని పుటలు వంకరగను కొన్ని మసకగను ఉండును. అయినను అవి మనకు ప్రాణాధారములు. శోధగంగలోని తెలుగు సిద్ధాంతగ్రంథములలో ననేకము లిట్టి బొమ్మపుటలే. రెండవది పరిశోధనపత్రికల వ్యాసములు. కేంద్రప్రభుత్వము 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకముచే ఇవి మన విద్యాసంస్థలకు మునుపటికంటె సులభముగా అందుచున్నవి. వీనిలో నెక్కువభాగము ఏ-4 వంటి పెద్ద పుటకు కూర్చిన పి.డి.ఎఫ్.లు. మూడవది యూనికోడులో కూర్చిన తెలుగు పాఠము. ఇది యింకను కొలదిగానే యున్నది. ఇటీవలి పుస్తకముల పి.డి.ఎఫ్.లలో సయితము చాల భాగము అను వంటి పాత ఫాంటులతో కూర్చినవి. అవి కంటికి తెలుగుగా కనబడును గాని, లోపలి సంకేతములు తెలుగువి కావు. వెదకినచో మాట దొరకదు. అక్షరమును పెద్దది చేసి పంక్తులను తిరుగ పేర్చుమన్నచో అర్థములేని గుర్తులు వచ్చును.

దీనినిబట్టి తేలునది యేమి? అక్షరమును ఇచ్చవచ్చినట్లు పెంచుకొనవచ్చు ననునది ఈ-రీడరు గొప్పగుణముగా చెప్పబడుచున్నది. మన సామగ్రిలో నది మూడవ తెగకే వర్తించును. మొదటి రెంటికిని పుట యెట్లున్నదో అట్లే చూడక తప్పదు. అందుచే తెర వైశాల్యము మనకు విలాసము కాదు, అవసరము.

లెక్క వేసి చూతము. ఏ-4 పుట వెడల్పు 210 మిల్లీమీటర్లు. ఆరంగుళముల తెర వెడల్పు సుమారు 91. పుట వెడల్పును పూర్తిగా చూపవలెనన్న నూటికి 43 వంతులకు కుదింపవలెను. పది పాయింట్ల అక్షరము నాలుగు పాయింట్లకు దిగును. 10.3 అంగుళముల తెర వెడల్పు సుమారు 157. పుటకు రెండుప్రక్కల నున్న ఇరువదేసి మిల్లీమీటర్ల అంచులను కత్తిరించి చూపగల సౌకర్య మున్నచో, అదే యక్షరము తొమ్మిది పాయింట్లకు మించి నిలుచును. మన తెలుగు పుస్తకములకు సామాన్యమైన డెమ్మీ ఆకారము, అనగా ఐదున్నర అంగుళముల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళముల పొడవు గల పుట, ఈ తెరమీద దాదాపు అసలు పరిమాణముననే యమరును. 13.3 అంగుళముల పరికరములు ఏ-4ను ఇంచుమించు పూర్తిగ చూపును గాని వెలయు బరువును హెచ్చు. కావున క్షేత్రమునకు పోవు పరిశోధకునికి పదియంగుళములకు తగ్గని తెర కనీసప్రమాణ మనవలెను.

ఈ లెక్కలో చుక్కల విషయ మిమిడియున్నది. ‘వాదు’, ‘వాడు’ అను మాటలను రోమను లిపిలో వ్రాసిన వానికి గల భేదము ఒక్క క్రిందిచుక్క. ‘పలు’, ‘పాలు’ అను వాని భేదము ఒక్క పైగీత. 1961లో వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును గాని, అదే సంవత్సరమున వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథమును గాని, 1969లో అచ్చయిన టైలరుగారి కోయ వ్యాకరణమును గాని చదువువానికి ఈ చుక్కలు, గీతలే పాఠము. తెలుగు లిపియు నిట్టిదే. దకును థకును, రకును ఠకును నడుమ నున్నది లోపలి చుక్క. పకును వకును నడుమ నున్నది తలకట్టు కలియుటయో కలియకుండుటయో. మసక పుటను కుదించిన తెర మొదట మింగునది వీనినే.

టాబ్లెట్టు ఉండగా ఈ-రీడ రేల యని కొందరందురు. ఆ వాదమునందు బలము లేకపోలేదు. టాబ్లెట్టులో రంగు లున్నవి, వేగ మున్నది. పటములు చూచుటకు, ధ్వనిముద్రణములు వినుటకు అదియే మేలు. వెలయు తక్కువ. అయితే ఎలక్ట్రానిక్ సిరా తెరలో నలుపు, తెలుపు రేణువులు విద్యుదావేశముచే పైకి క్రిందికి కదలి అక్షరమును రూపొందించును; రూపొందిన పుట విద్యుత్తు లేకయే నిలుచును. పుట మార్చునపుడే ఖర్చు. తెర కాగితమువలె బయటి వెలుగుతోనే కనబడును గనుక మిట్టమధ్యాహ్నపు టెండలో చెట్టుక్రింద కూర్చుండి పలుకులు వ్రాసికొనువానికి అద్దమువలె మెరయదు. గంటలకొలది చదువుటకును, చార్జింగు దొరకని దినములకును ఇది తగిన సాధనము. తెర సులభముగ పగులుననియు, పుటలు తిరుగవేయుట మందమనియు ముందే యెరిగి కొనవలెను.

తరువాతి పరీక్ష లిపికి సంబంధించినది. యూనికోడులో తెలుగునకు 1991 నుండియే స్థాన మున్నది. అయినను స్థాన ముండుట వేరు, ఒత్తులు సరిగా కూర్చబడుట వేరు. ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’, ‘కార్త్స్న్యము’ అను మూడు మాటలు గల ఈ-పబ్ పుటను తెరచి చూడవలెను. ఒత్తు విడిపోయి పొల్లుగా కనబడినచో ఆ పరికరము మనది కాదు. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిలులో ఐదు భారతీయ భాషల పుస్తకములను ప్రవేశపెట్టెను: హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము. తెలుగు అందులో లేదు. మనకై యెవరో ముందే పరీక్షించి యుందురని నమ్మరాదనుటకు ఇది చాలును. ఫాంటులను మనమే చేర్చుకొను వీలుండవలెను. మసరం గోండీ లిపి 2017లోను, ఆదిలాబాదు సీమకు చెందిన గుంజాల గోండీ లిపి 2018లోను యూనికోడులో చేరినవి. బస్తరు, గోండ్వన భాషలపై పనిచేయువానికి ఈ సౌకర్యము లేని పరికరము సగము మూగది.

ఇక స్వామ్యము. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, ఆర్వెల్ నవలలు రెంటి ప్రతులను, కొనినవారి కిండిళ్లనుండి దూరమునుండియే తొలగించెను. అమ్మినవారికి హక్కులు లేవను కారణమే చూపినను, కొనిన పుస్తకము కొనినవాని చేతిలో లేదను సత్యము నాడు బయటపడినది. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థయే పుస్తకములను కంప్యూటరునకు దింపుకొని తీగద్వారా ఎక్కించుకొను మార్గమును మూసివేసెను. నవలాపాఠకు లిది సహింపవచ్చును. ఉల్లేఖించిన పుటను పదియేండ్ల తరువాత తిరిగి చూపవలసిన పరిశోధకుడు సహింపరాదు. అంగడితో ముడిపడక, మన పి.డి.ఎఫ్.లను, ఈ-పబ్‌లను తీగతో నేరుగా స్వీకరించి, మనము వ్రాసిన టిప్పణములను తిరిగి మనకిచ్చు పరికరమునే యెన్నుకొనవలెను. కావలసిన వ్యాసములను విశ్వవిద్యాలయము విడుచుటకు ముందే దింపుకొనవలెను.

వెల మాట నేను మరువలేదు. పదియంగుళముల ఈ-రీడరు వెలతో సాధారణమైన టాబ్లెట్లు ఒకటికి మించి కొనవచ్చును. పరిశోధక విద్యార్థి భృతికి అది భారమే. అందుచే దానిని విద్యార్థి కొనుటకంటె శాఖయే కొనుట న్యాయము. సూక్ష్మదర్శినిని విద్యార్థిచేత కొనిపించు రసాయనశాల యున్నదా? శాఖాగ్రంథాలయము రెండు మూడు పరికరములను సంపాదించి, క్షేత్రమునకు పోవువారికి పుస్తకమువలె ఎరువిచ్చి తిరిగి తీసికొనవచ్చును. కొనుటకు ముందు నాలుగు పుటలతో పరీక్షింపవలెను: రెండు వరుసల పాత నిఘంటువు పుట, ఏ-4 వ్యాసము పుట, చుక్కలు గీతలు గల రోమను పుట, పైన చెప్పిన మూడు మాటల తెలుగు పుట. అంగడివా డీ నాలుగింటిని చూపనిచ్చినచో బేరమాడవచ్చును. లేనిచో వెనుకకు రావలెను. మిక్కిలి ముఖ్యమైన పదపట్టికను మాత్రము అచ్చుప్రతిగానే సంచిలో నుంచవలెను. పరికరము ఎంత మంచిదైనను ఒక్క దెబ్బకు మొత్తము గ్రంథాలయము పగులును.

గిడుగు రామమూర్తిగారు సవరల నడుమ కూర్చుండి విని విని, 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. విన్న ధ్వనిని విన్నట్లు నిలుపుటకే ఆయన గుర్తులను వాడిరి. అట్టి శ్రమతో ఒకరు పెట్టిన చుక్కను మన తెర తుడిచివేసినచో నష్టము పుస్తకమునకు మాత్రమే కాదు. దోర్నపాల్‌లో తన మాటను తాను కాదనవలసివచ్చిన వృద్ధునికి నష్టము. మా విద్యార్థి వచ్చే వేసవిలో మరల అచటికి పోవలసియున్నది. ఆ మాటను ఈసారి సరిగా పలికి అడుగవలెను.