ఇల్లే కార్ఖానా

కరీంనగరము, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతముల పల్లెలలో ఏ వాడకు బోయినను స్త్రీలు చాటలు ముందిడుకొని బీడీలు చుట్టుచు గనబడుదురు. అడవులనుండి తునికాకు వచ్చును; పరప్రాంతములనుండి తంబాకు వచ్చును; వీరి వ్రేళ్ల నేర్పుచే రెండును బీడీ యగును. బీడీ త్రాగువానికి గలుగు కీడు లోకవిదితము. 2016 నుండి కట్టపై నూటికి 85 పాళ్లమేర బొమ్మతోగూడిన హెచ్చరిక ముద్రింపబడుచున్నది. బీడీ చుట్టుదానికి మాత్రము హెచ్చరిక యెక్కడను లేదు.

తంబాకు ధూళి శ్వాసతో లోనికి బోవును. అందలి నికోటిను చర్మముగుండ రక్తమున జేరును. దగ్గు, ఆయాసము, కండ్లమంట, నడుమునొప్పి యీ వృత్తివారికి నిత్యపరిచితములు. వండుకొను చోటనే తంబాకు. ఊయలలోని బిడ్డయు ఆ గాలినే పీల్చును.

చట్టము లేకపోలేదు. 1966లో పార్లమెంటు బీడీ కార్మికులకై ప్రత్యేక శాసనము గావించి, ఇంటియొద్ద చుట్టువారిని గూడ కార్మికులుగనే పరిగణించెను. ఇది మెచ్చదగినదే. కాని శుభ్రత, గాలి, వెలుతురులను గూర్చిన నిబంధనలు కార్ఖానాలకే విధింపబడినవి. నివాసగృహము కార్ఖానా నిర్వచనమునుండి తొలగింపబడినది. కార్మికురాలు చట్టమున జేరినది. ఆమె పనిచేయు చోటు చేరలేదు. కావున పనిని ఇండ్లకు బంపుటయే యజమానులకు లాభకరమయ్యెను. అద్దె లేదు, కిటికీ పెట్టించు ఖర్చు లేదు, తనిఖీదారు భయము లేదు.

1976లో వీరి సంక్షేమనిధికై బీడీలపై ప్రత్యేక సుంకము విధింపబడెను. 2017లో జి.ఎస్.టి. రాకతో ఆ సుంకము రద్దయ్యెను. 2025 సెప్టెంబరులో బీడీలపై పన్నును నూటికి 28 నుండి 18కి దించుటకు నిర్ణయము జరిగెను. పన్ను తగ్గించుటకు దొరకిన తీరిక చుట్టుదాని యారోగ్యమును విచారించుటకు దొరకకుండుట శోచనీయము. 2015 నుండి తెలంగాణ ప్రభుత్వమిచ్చుచున్న భృతి కొంత యూరటయే. కాని భృతి కడుపు నింపును, ఊపిరితిత్తులను గాపాడదు.

2025 నవంబరు 21న వృత్తిభద్రతా స్మృతి అమలులోనికి వచ్చి పాతచట్టము స్థానమును ఆక్రమించినది. పాతలోపము కొత్తగ్రంథమున గూడ నిలువకుండ జూచుట ప్రభుత్వముల విధి. ఇంటిపని నిషేధించిన పేదల కూడు పోవునని యజమానులు వాదింపవచ్చును. నిషేధమును మేము కోరుట లేదు. ప్రతి పెద్దయూర గాలివెలుతురులు గల పనిసాల, మూతగల తంబాకు డబ్బా, ఏటేట యజమానుల వ్యయముననే వైద్యపరీక్ష — మేము గోరునవి యివియే. పనిసాలకు స్థలము చూపుట గ్రామపెద్దలకు, భూస్వాములకు అసాధ్యము గాదు. బీడీ కట్టపై బొమ్మ వేయించిన ప్రభుత్వము, ఆ కట్టను గట్టిన చేతులవైపు గూడ దృష్టి సారింపవలెను.