ప్రైవేటు మట్టికట్టల భద్రత: ఎత్తు ఒక్కటే కొలమానమా?

2006 మార్చి 14న తెల్లవారుజామున హవాయి దీవులలోని కవాయి ద్వీపంలో కా లోకో జలాశయపు మట్టికట్ట తెగి ఏడుగురు మరణించారు. ఆ కట్టను 1890లో చెరకు సాగు కోసం నిర్మించారు. చెరకు తోటల కాలం ముగిసిన పిమ్మట భూమితోపాటు కట్ట కూడా చేతులు మారింది. వారాల తరబడి కురిసిన వానలకు జలాశయం నిండి నీరు కట్ట మీదుగా పొర్లింది. తెగిన చోట అలుగు జాడ కనిపించలేదని, అది లేకపోవడమే ప్రమాదానికి ప్రధాన కారణం కావచ్చునని విచారణ నివేదిక పేర్కొన్నది. ప్రభుత్వ రికార్డులలో మాత్రం ఆ కట్ట 'తక్కువ ప్రమాదం' తరగతిలో ఉండినది. మరుసటి సంవత్సరమే హవాయి కొత్త చట్టం తెచ్చుకున్నది. 2018 మే 9 రాత్రి కెన్యాలోని నకూరు కౌంటీ, సొలాయి ప్రాంతంలో ఒక వ్యవసాయ క్షేత్రపు ప్రైవేటు కట్ట తెగినప్పుడు నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఈ రెండు సంఘటనలు దూరదేశాలవే అయినా, వాటి వెనుక ఉన్న ప్రశ్న భారతదేశానికి కొత్తది కాదు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రధానంగా 15 మీటర్లకు మించిన ఎత్తుగల కట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవి కట్ట పొడవు 500 మీటర్లు, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లు వంటి షరతులలో ఏదైనా ఒకటి ఉంటేనే దాని పరిధిలోకి వస్తాయి. యజమాని ప్రభుత్వమా, కంపెనీయా అన్న భేదం చట్టం చూపలేదు. అది మెచ్చదగిన విషయం. అయితే వాగుకు అడ్డంగా ఒక రైతు గాని, ఒక తోట యజమాని గాని వేసుకున్న ఆరు మీటర్ల కట్ట ఈ గీతకు చాలా దిగువన ఉండిపోతుంది. అటువంటి కట్టల విషయంలో భద్రతా చర్యలు యజమానే తీసుకోవాలన్న సాధారణ నిబంధన తప్ప, వర్షాకాలానికి ముందు, తరువాత తప్పనిసరి తనిఖీ గాని, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక గాని లేవు.

ఎత్తు తక్కువైతే హాని తక్కువ అన్న భావన లెక్కకు నిలవదు. ఒక హెక్టారు విస్తీర్ణంలో సగటున మూడు మీటర్ల లోతు నీరు నిలిచిందనుకుంటే నిల్వ 30,000 ఘనపు మీటర్లు. గండి పడి అది అరగంటలో ఖాళీ అయితే సగటున సెకనుకు 16 టన్నులకు పైగా నీరు వాగులోకి దూకుతుంది. గండి వెడల్పయ్యే తొలి నిమిషాలలో ఈ ఉధృతి ఇంకా ఎక్కువ. దిగువన చేలు మాత్రమే ఉంటే పంటనష్టంతో పోతుంది. వాగు ఒడ్డున పది ఇళ్లుంటే అదే కట్ట ప్రాణాంతకం. కాబట్టి కట్ట తరగతిని నిర్ణయించవలసింది దాని ఎత్తు కాదు, దాని కింద నివసించే జనం.

మట్టికట్టకు ప్రథమ శత్రువు తన మీదుగా పొర్లే నీరే. చిన్న కట్టల యజమానులు ఎక్కువగా ఉపేక్షించేది కూడా అలుగునే. 100 హెక్టార్ల పరీవాహక ప్రాంతంలో గంటకు 100 మి.మీ. తీవ్రతతో వాన కురిసి, అందులో సగం పారిందనుకుంటే సెకనుకు దాదాపు 14 ఘనపు మీటర్ల నీరు చెరువులోకి చేరుతుంది. అలుగు మీద 60 సెం.మీ. లోతున ఈ నీరు పోవాలంటే అలుగు పొడవు 17, 18 మీటర్లు ఉండవలసి వస్తుంది. చాలాచోట్ల కనిపించేది మాత్రం కట్టలో పెట్టిన 30 సెం.మీ. గొట్టాలు ఒకటి రెండు. సెకనుకు మూడు మీటర్ల వేగంతో పారినా ఒక్కో గొట్టం 0.2 ఘనపు మీటర్లకు మించి మోయలేదు. పైగా ఆ గొట్టం చుట్టూ మట్టిని సరిగా దిమ్మిస చేయకపోతే నీరు దాని వెంటే దారి చేసుకొని బుంగ పడుతుంది. మరికొన్ని చోట్ల రెండు అడుగుల నీరు అదనంగా నిలుస్తుందన్న ఆశతో అలుగుకు మట్టిబస్తాలు అడ్డం వేస్తారు. ఇది నీటిని దాచుకోవడం కాదు, కట్టను పణంగా పెట్టడం.

ఊట సంగతి ఈ నేలకు ఏనాడో తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద ఉన్న 1369 నాటి శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. ఆ దోషాలలో కట్ట నుంచి నీరు కారడం ఒకటి. రాయలసీమలో దశబంధ ఇనాము పద్ధతి మరొక అడుగు ముందుకు వేసింది. చెరువు కట్టినవారికి భూమి దక్కేది; దానితోపాటు చెరువును బాగుచేస్తూ ఉండవలసిన విధి కూడా వచ్చేది. విధిని విస్మరిస్తే ఇనామును వెనక్కు తీసుకునే వీలుండేది. ఆ పద్ధతిలోని అసమానతలను ఎవరూ తిరిగి కోరుకోరు. కాని ఇనాముల రద్దుతోపాటు, భూమి హక్కును కట్ట బాధ్యతతో ముడివేసే సూత్రం కూడా మరుగున పడిపోయింది.

నియంత్రణ అనగానే అనుమతుల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసిన రైతు గుర్తుకు వస్తాడు. ఈ అభ్యంతరం తేలికగా తీసివేయదగినది కాదు. నేలలో తవ్విన సేద్యపు కుంటకు ఏ అనుమతీ అక్కరలేదు. అందులో నీరు నేలమట్టానికి దిగువనే ఉంటుంది, గండి పడే ప్రశ్నే రాదు. వాగుకు అడ్డంగా కట్ట వేసి నేలమట్టానికి పైన నీరు నిలిపే కుంట వేరు. విస్తరణ కరపత్రాలలో ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం మానుకోవాలి. రెండవ రకానికి గ్రామస్థాయి నమోదు ఒక్కటి చాలు: కట్ట ఎక్కడ ఉన్నది, అలుగు వెడల్పు ఎంత, దిగువ రెండు కిలోమీటర్లలో వాగు ఒడ్డున ఇళ్లు ఎన్ని. ఇళ్లు లేనిచోట అంతటితో సరి. ఇళ్లున్నచోట తొలకరికి ముందు ఇంజనీరు తనిఖీ తప్పనిసరి కావాలి. దాని ఖర్చు పూర్తిగా యజమానిపై మోపకుండా ప్రభుత్వం కొంత భరించడం న్యాయం.

ఈ పనిలో కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తల పాత్ర చిన్నది కాదు. నీటి కుంట వేసుకోమని రైతుకు మొదట చెప్పేది వారే. పరీవాహక విస్తీర్ణం లెక్కకట్టి, అలుగు కొలత రాసి ఇవ్వని సలహా అసంపూర్ణం. భూజల సంరక్షణ ఇంజనీరింగు చదివే విద్యార్థులకు ప్రతి వేసవిలో ఒక మండలంలోని కట్టలు కొలిచే పని అప్పగిస్తే నమోదుకు పునాది ఏర్పడుతుంది. కట్ట వివరం భూమి రికార్డులో సర్వే నంబరు పక్కనే ఉండాలి. ఆ పొలం రేపు అమ్ముడుపోతే, కొన్నవారికి పట్టా పుస్తకంతోపాటు అలుగు ఎక్కడున్నదో, దానిని ఎందుకు పూడ్చకూడదో కూడా తెలియాలి.