మేడే నాడు పెట్టిన వయసు గీత



2021లో కరోనా టీకాకు సర్కారు వయసు వరుస పెట్టింది. మార్చి 1న 60 దాటినవారికి, 45 దాటిన రోగులకు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ. ముసలివారికే ప్రాణభయం ఎక్కువ. ఆ వరుసను మేము తప్పుపట్టడం లేదు. కార్యవర్గంలో తల నెరిసిన మాకు ఏప్రిల్‌లోనే సూది పడింది.

మరి రింగ్ ఫ్రేముల దగ్గర, కుట్టు మిషన్ల దగ్గర ఉండేదెవరు? 45 లోపువారే. వారి వంతు సరిగ్గా మేడే నాడు వచ్చింది. ఆనాడే కేంద్రం వారి టీకా బాధ్యత దులుపుకుంది! రాష్ట్రాలూ, ప్రైవేటు ఆసుపత్రులూ కొనుక్కోవాలంది. కేంద్రం 150 రూపాయలకు కొన్న కోవిషీల్డును కంపెనీ ప్రైవేటు ఆసుపత్రులకు 600 అంది. కోవాగ్జిన్ 1200. రోజుకూలీ ఎక్కడ తేవాలి? పైగా పేరు ఆన్‌లైన్‌లోనే నమోదు కావాలట! టీకాలు చాలక మే 14 నుంచి కర్ణాటకలో ఆ వయసువారికి ఆపేశారు కూడా.

పనిచోటే వేస్తామన్నారు. కానీ ఒకేచోట అర్హులు వందమంది ఉండాలన్నారు. మన బళ్లారి జీన్స్ యూనిట్లలో చాలావాటిలో మొత్తం కూలీలే అంతమంది ఉండరు. షిఫ్టులో సోకిన జబ్బు ఇంట్లో ముసలితల్లికి అంటదా?

45 దాటినవారికి ఉచితం, లోపువారికి డబ్బు అనే ఈ పద్ధతి ఏకపక్షం, అహేతుకంగా కనిపిస్తోందని మే 31న సుప్రీంకోర్టే అంది. జూన్ 21 నుంచి కేంద్రం అందరికీ ఉచితమంది. అయినా నాలుగో వంతు టీకాలు ప్రైవేటుకే వదిలింది.

పాత గొడవ ఇప్పుడెందుకంటారా? రేపు మరో మహమ్మారి వస్తే ఇదే గీత మళ్లీ గీస్తారు గనుక! అందుకే మా డిమాండ్లు:

1. ఏ వయసుకైనా టీకా కేంద్రమే కొని ఉచితంగా వేయాలి.
2. వందమంది నిబంధన వద్దు. కంటోన్మెంట్‌లోనూ, కూలీలున్న ప్రతి పేటలోనూ చిన్న యూనిట్లన్నిటినీ కలిపి క్యాంపు పెట్టాలి. కాంట్రాక్టు, బదిలీ కార్మికులనూ చేర్చాలి.
3. షిఫ్టు దిగే వేళకు క్యాంపు ఉండాలి. మర్నాడు జ్వరమొస్తే జీతంతో సెలవివ్వాలి.
4. పేర్లు కాగితం మీదా రాసుకోవాలి. నోటీసులు కన్నడంతోపాటు తెలుగులోనూ వేయాలి.

మన పనీ ఉంది. ప్రతి యూనిట్ నుంచీ పేరు, వయసు, షిఫ్టు రాసిన జాబితా యూనియన్‌కు చేరాలి. జాబితా మన చేతిలో ఉంటే, లెక్కలు లేవని ఏ అధికారీ తప్పించుకోలేడు.

వయసు వరుస ఉండనీ, డబ్బు వరుస వద్దు!
కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి