గృహవిజ్ఞానము: మోటారుకారునకు తీగె నెన్నుకొనుట



మోటారుకారు తీగెల ముచ్చట స్త్రీల పుటలలో నేల యని కొందఱు నవ్వవచ్చును. పట్టుచీర కొనునప్పుడు జరీని గోట గీచి చూచువారము మనమే. ఇత్తడిబిందెను తట్టి నాదము విన్న పిమ్మటనే బేరమాడువారమును మనమే. కారునకు తీగె కొనుటయు నట్టి పరీక్షయే. అదియునుగాక, కారు బాగునకు రూకలు మన యింటి డబ్బాలోనుండియే పోవలయును. నడిరేయి పురిటినొప్పులతో పార్వతీపురమునుండి విజయనగరము ఆసుపత్రికి పోవలసివచ్చిన యాడుబిడ్డ ప్రాణము ఆ కారు దీపముల వెలుతురుపైననే యాధారపడియుండును. కావున నీ విషయము మనకును తెలిసియుండుట మేలు.

కారు ఇంజను చెంత బ్యాటరీని, దీపములను, హారనును, స్టార్టరును ఒండొంటితో కలుపుచు నొక తీగెలకట్ట యుండును. మెకానిక్కులు దానిని వైరింగందురు. దేహమునకు నరములెట్టివో కారునకవి యట్టివి. అంబాసడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, తాతలనాటి సొత్తుగా వానిని నేటికిని కాపాడుకొనుచున్న గృహములు కలవు. అట్టి పాతకార్లలో తీగెల పైతొడుగు ఎండిన యప్పడమువలె పెళుసెక్కి, వంచినంతనే చిట్లును. అప్పుడు కట్టనంతయు మార్చుట తప్పదు.

మా యెఱుకలోని యొక గృహమున నట్లే కారు తీగెలు మార్పించిరి. పనివాడు ఇంటిగోడలకు వాడు తీగెను తెచ్చి, "రాగి రాగియే గదా, అమ్మా" యని సమాధానము చెప్పెనట. రెండు వేసవులు గడచునప్పటికి ఇంజను ప్రక్కనున్న తొడుగు మెత్తబడి, యినుమునకు రాచుకొని, లోని రాగి బయటపడెను. ఒకనాడు పొగ లేచినది. ఇంటివారు వెంటనే బ్యాటరీ తీగెను ఊడదీయుటచే ప్రమాదము తప్పినది. రాగి రాగియే గాని, దాని తొడుగు వేఱు, పోగులు వేఱు, లావు వేఱు. వీనిని వరుసగా చూతము.

మొదటిది లోహము. సముద్రపుగాలి తగులు కళింగపట్నము, బారువ, భీమునిపట్నము వంటి చోట్ల రాగికి పచ్చని చిలుము త్వరగా పట్టును. తుపాను నీటిలో నిలిచిన కారునందు, వత్తి నూనెను పీల్చినట్లు తీగె కొన ఉప్పునీటిని తొడుగులోనికి పీల్చుకొనును. 2018 అక్టోబరు 11వ తేదీని పలాస ప్రాంతమును కొట్టిన తిత్లీ తుపానును మన జిల్లా మఱచిపోలేదు. అట్టి తీరమున నుండువారికి కళాయి పూసిన రాగితీగె శ్రేష్ఠము. బుడితి ఇత్తడిపాత్రకు లోపల కళాయి యేల వేయింతుమో, ఈ రాగిపోగులకును అందులకే కళాయి వేయుదురు. బజారున మఱియొక తీగెయు కలదు: లోన అల్యూమినియము, పైన పలుచని రాగిపూత. ఇది చవుక. రాగికంటె తేలిక, విద్యుత్తునకు అడ్డు మిక్కిలి. గుర్తించుట సులభము. ఒక పోగును కత్తితో గీకుడు. పైన తెలుపును లోన ఎఱుపును కానవచ్చిన కళాయి రాగి, కొనదగినది. పైన ఎఱుపును లోన తెలుపును కానవచ్చిన మోసము, విడువదగినది.

రెండవది లావు. పొందూరు ఖద్దరు నెఱిగినవారికి నూలు నంబరు పెరిగినకొలది దారము సన్నగిలునని తెలియును. తీగెల గేజి నంబరును అట్టిదే. చదరపు మిల్లీమీటర్ల లెక్క మాత్రము దీనికి ఎదురు. అంకె పెరిగినకొలది తీగె లావగును. కారు తీగెపై 14/0.30 అని యున్నచో, 0.30 మిల్లీమీటరు మందము గల పోగులు 14 పేనినవని యర్థము. అది 1 చదరపు మిల్లీమీటరు. సుమారు 8 ఆంపియర్లకు చాలును. 28/0.30 అనునది 2 చదరపు మిల్లీమీటర్లు. 17 ఆంపియర్లకు చాలును. 60 వాట్ల పెద్దదీపము 12 వోల్టులపై 5 ఆంపియర్లు పుచ్చుకొనును. జంటకు 10 కావలయును. ఆ 10 ఆంపియర్లు సన్నని 1 చదరపు మిల్లీమీటరు తీగెలో 5 మీటర్లు నడచినచో 0.9 వోల్టు త్రోవలోనే వ్యయమగును. 2 చదరపు మిల్లీమీటర్ల తీగెలో నందు సగమే. ఇది స్వల్పమని తలంపరాదు. వోల్టులలో పదవవంతు తగ్గినచో దీపకాంతిలో మూడవవంతునకు చేరువగా తగ్గును. సాలూరు ఘాటు మలుపులలో నా మూడవవంతు వెలుతురే లోయకును రోడ్డునకును గల భేదమును చూపును.

పోగులు పలుచగను పెక్కుగను ఉండుట మఱియొక గుణము. ఇంజను నిరంతరము అదరుచుండును. ఒంటిపోగు తీగె అట్టి యదురునకు విఱుగును; పెక్కుపోగులది జడవలె వంగి నిలుచును.

మూడవది తొడుగు. ఇంజనులోని నీరే 90 డిగ్రీల చేరువకు కాగుచుండును. పొగగొట్టము చెంత వేడిమి ఇంకను హెచ్చు. సాధారణపు ఇంటితీగె తొడుగు 70 డిగ్రీలకే యుద్దేశింపబడినది. కావున 105 డిగ్రీలు గాని, 125 డిగ్రీలు గాని తాళునట్టి మోటారు తీగెనే యడుగవలయును. ఇంటితీగెపై ఐ.ఎస్. 694 అను ముద్ర యుండును. మోటారు తీగెలకు మనదేశపు ప్రమాణము ఐ.ఎస్. 2465. దుకాణమున ముద్రను చదివి మఱి రూకలిండు.

ఇక ఫ్యూజు. అది దీపమును కాపాడుటకని పలువురు తలంతురు. నిజమునకు తీగెను కాపాడుటకే దాని నుంచిరి. 8 ఆంపియర్ల తీగెకు 20 ఆంపియర్ల ఫ్యూజు వేసినచో, ఫ్యూజు చెక్కుచెదరకమునుపే తీగె కాలును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని పెద్దది వేయించుటకు ఎన్నడును ఒప్పుకొనరాదు, కారణమును వెదకింపవలయును.

అతుకుల యెడలను శ్రద్ధ వలయును. చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన యతుకు ఇంజను వేడికి జిగురు కారి వీడును. తగిన పనిముట్టుతో గట్టిగా నొక్కిన కొనలు, పైని వేడికి ముడుచుకొనెడి గొట్టపు తొడుగు, చుట్టుటకు గుడ్డటేపు మేలు.

పాతకట్టను ఊడదీయకమునుపే యే రంగు ఎక్కడికి పోవునో కాగితముపై వ్రాసికొనుడు, ఛాయాచిత్రములు తీయుడు. ఇంగ్లండు కార్ల పాతపద్ధతిలో బ్యాటరీనుండి నేరుగా వచ్చునది గోధుమవన్నె, ఎర్తు నలుపు, ఇగ్నిషను తెలుపు, పెద్దదీపములు నీలము. అంబాసడరు ఆ దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు వంశమునకు చెందినదే. క్రొత్తకట్టలోను పాతరంగులనే యుంచినచో, తరువాత బాగుచేయువాడు చీకటిలో తడుముకొనడు. ఒకే రంగు చుట్ట చవుకగా దొరికెనని కట్టనంతయు దానితోనే చేయించుట భావికాలమునకు చిక్కు తెచ్చుటయే.

మంచి తీగెకును నాసితీగెకును గల వెలభేదము, మొత్తము కూలితో పోల్చిచూచిన స్వల్పము. కట్టను విప్పి మరల కట్టుటకు దినములు పట్టును. ఆ కూలి రెండుమార్లు ఇచ్చుకొనుటకంటె మేలైన తీగెను ఒక్కమారు కొనుటయే పొదుపు. పనివానితో వాదమాడ నక్కఱలేదు. "నాయనా, ఒక మూర తీగె తెచ్చి చూపుము" అని మాత్రమడుగుడు. ముద్ర చదివి, పోగు గీకి, పోగులు లెక్కించినచో నిజము మన కన్నులకే కానవచ్చును.