ఊపిరికి కావలి

సిరిసిల్ల మగ్గములును, జగిత్యాల కోరుట్లల బీడీచాటలును ఎంత శ్రమకు సాక్షులో మన పాఠకులెరుగుదురు. 2020 మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూయు, ఆ వెంటనే రాకపోకల నిర్బంధమును వచ్చినపుడు మగ్గముల చప్పుడాగినది; గల్ఫు దేశములకేగిన బిడ్డల క్షేమవార్తకై ఇంటింట తల్లిదండ్రులు ఎదురుచూచిరి. కష్టము చేసిన ఒంటికి ఏ రోగమును అంటదను నమ్మకము మన పల్లెలలో పాతది. అందు సత్యమెంత, ప్రమాదమెంత యని విచారించుట అవసరము. ఏలయన ఊపిరితిత్తుల జ్వరములు కరోనాతో ముగియలేదు.

సత్యము కొంత లేకపోలేదు. దేహరక్షణకు రెండు వరుసలు కలవు. మొదటిది పుట్టుకతో వచ్చినది. శత్రువెవరని విచారింపక తక్షణమే పైబడును. రెండవది శత్రువును గుర్తించి, తగిన సైన్యమును పెంచి, జ్ఞాపకముంచుకొనును. కాని అందుకు దినములు, వారములు పట్టును. ఈ రెంటి నడుమ నిలుచు కణజాతి యొకటి కలదు. వీనికి శాస్త్రజ్ఞులు మెయిట్ కణములని పేరిడిరి. జాతిచే ఇవి రెండవ వరుసకు చెందిన టి కణములే. నడవడిచే మొదటి వరుసవి. పెద్దవారి రక్తమందలి టి కణములలో సాధారణముగా నూటికి 1 మొదలు 10 వరకు ఇవియే. కాలేయమందును, ప్రేగులందును, ఊపిరితిత్తులందును ఇవి కాపుండును.

కొన్ని సూక్ష్మజీవులు బి2 విటమినును తయారుచేయునపుడు పుట్టు పదార్థములను ఎం.ఆర్.1 అను మాంసకృత్తు పట్టి చూపగా, ఈ కణములు శత్రువును పోల్చుకొనును. ఈ రహస్యమునకు దారిచూపినది 2012లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల పరిశోధన. అయితే వైరసు అట్టి విటమినును తయారుచేయదు. మరి ఇన్‌ఫ్లుయెంజా వచ్చినపుడు ఇవి మేల్కొనుటెట్లు? దొంగను కంట చూడకున్నను ఇరుగుపొరుగుల కేకవిని కర్రతో పరుగెత్తు తలారివలె, ఇంటర్‌ల్యూకిన్ 18 మొదలగు సంకేతములను అందుకొని ఇవి లేచును. మెయిట్ కణములు లేని ఎలుకలు ఇన్‌ఫ్లుయెంజాకు అధికముగా బలియైనట్లు 2018లో ప్రకటితమైన పరిశోధన చూపినది.

కరోనా కాలమున రోగుల రక్తమును పరీక్షింపగా ఈ కణములు తగ్గియుండెను; శ్వాసమార్గములందు చేరియుండెను. కావలివారు పోరు జరుగుచోటికి తరలిరన్నమాట. కాని రోగము ముదిరినవారిలో వీని ఉద్రేకము మితిమీరి కనబడెను. కావున ఈ కావలి ఉన్నదిగదా యని నిశ్చింతగా నుండుట తగదు.

మరియొక సంగతి. ఇవి ప్రత్యేకముగా ఒక్కొక్క వైరసు ముఖమును జ్ఞాపకముంచుకొనునవి కావు. ఆ పని టీకావలన సిద్ధించును. మన దేశమున 2021 జనవరి 16వ తేదీనుండి ఇచ్చిన కోవిషీల్డు ఎడినోవైరసును వాహనముగా గొన్న టీకా. అట్టి టీకాలు మెయిట్ కణములను మేల్కొల్పుననియు, ఆ కణములు లేని ఎలుకలలో టీకావలన పుట్టు టి కణసైన్యము కొరవడుననియు ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ఆ సంవత్సరమే వెల్లడించిరి. సహజబలమును, టీకాయును పరస్పర విరోధులనుట అవివేకము, ఒకదానికొకటి తోడు.

ఇక మన కర్తవ్యమేమి? పొగాకు పొగలోని కొన్ని రసాయనములు ఎం.ఆర్.1కు అంటుకొని ఈ కణముల పనిని కుంటుపరచునని 2025లో ప్రకటితమైన ఆస్ట్రేలియా పరిశోధన తెలుపుచున్నది. బీడీ చుట్టు ఆడపడుచుల బ్రతుకుతెరువును నిందించుట మా అభిమతము కాదు. కాల్చువారు మాత్రము దీనిని గమనింతురు గాక. మగ్గముల షెడ్లలో దుమ్ముపోవు మార్గమును, గాలి వెలుతురులను ఏర్పరచుట యజమానుల ధర్మము. జ్వరము, దగ్గు వచ్చిన తొలిదినములలోనే పరీక్షకు పోవలయునన్నచో, ఆనాటి కూలి పోదను ధైర్యము కూలివానికి ఉండవలయును. కూలికి వెరచి రోగమును దాచిన కార్మికుడు తన ఇంటికేగాక షెడ్డంతటికిని ముప్పు తెచ్చును. ఆ తప్పు వానిది మాత్రమే కాదు.

ప్రకృతి ప్రతి దేహమునకును, ధనిక దరిద్ర భేదము లేక, ఒక కావలిని ఇచ్చినది. ఆ కావలికి తోడు నిలుచుట సంఘముయొక్క బాధ్యత. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల పెద్దలు మరియొక జ్వరము వచ్చువరకు వేచియుండక, ఇప్పుడే ఇందుకు పూనుకొందురు గాక!