ఇంటిలోని పరాయి కన్ను

గోడలకు చెవులుండునని మన పెద్దలు హెచ్చరించిరి. నేడు గోడలకు కన్నులును వచ్చినవి. వానిని మనమే సొమ్మిచ్చి తెచ్చి బిగించుకొనుచున్నాము. అందులకు హేతువు లేకపోలేదు. దొంగల భయమున్నది. పల్లెలో నొంటరిగానున్న వృద్ధులైన తలిదండ్రులను హైదరాబాదునుండియో, అమెరికానుండియో కనిపెట్టి యుండవలెనను బిడ్డల యార్తి యున్నది. ఈ కోరికలను పరిహసించుట మా యుద్దేశము గాదు. ఆ కన్ను చూచినదెల్ల ఎవరి వశమగుచున్నదని యడుగుటయే మా యుద్దేశము.

క్లౌడ్‌తో ముడిపడిన కెమెరా మన యింటిలో నుండును గాని అది తీసిన దృశ్యము మన యింటిలో నుండదు. ఇంటర్నెట్టు ద్వారా అది కంపెనీవారి సర్వరులకు పోయి యచట నిలువయుండును. పేరు మేఘమైనను అది ఆకాశమందలి వస్తువు కాదు. ఒక వర్తకుని యంత్రశాల. ఆ భాండారపు తాళపుచెవి వర్తకుని చేత నున్నంతకాలము వాని యుద్యోగులును, వాని నేమరించిన దొంగలును మన పడకటింటి గడప దాటగలరు.

ఇది వట్టి యూహ కాదు. 2023 మే నెలలో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషను, అమెజానుకు చెందిన రింగ్ కంపెనీపై అభియోగము తెచ్చెను. 2017లో ఆ కంపెనీ యుద్యోగి యొకడు పడకగదులలోను స్నానపుగదులలోను అమర్చిన కెమెరాల దృశ్యములను, కనీసము 81 మంది స్త్రీలకు చెందినవానిని, వేలకొలదిగా చూచెనని యందు కలదు. 2019 జనవరి మొదలు 2020 మార్చి వరకు సుమారు 55,000 మంది ఖాతాలు దుండగుల పాలయ్యెననియు, వారిలో కొందరు కెమెరాలోని మాటల సాధనముతో పసిపిల్లలను సైతము దూషించిరనియు అందే కలదు. కంచె చేను మేసిన విధ మిదియే. కంపెనీ యారోపణలను ఒప్పుకొనకయే 58 లక్షల డాలర్లు చెల్లించుటకు సమ్మతించెను. 2024లో 1,17,000 మందికి పైగా గృహస్థులకు 56 లక్షల డాలర్లు పంచిరి. తలకు సుమారు 48 డాలర్లు! ఒక కుటుంబపు మర్యాదకు కట్టిన వెల యిది.

2024 ఫిబ్రవరిలో వైజ్ అను మరియొక కంపెనీ కెమెరాలు కొన్ని గంటలు నిలిచి మరల పనిచేయ నారంభింపగా, సుమారు 13,000 మందికి పరుల యిండ్ల చిత్రములు కనబడినవి. కంపెనీవారు తాము వాడిన ఇతరుల సాఫ్టువేరుపై నింద మోపిరి. గృహస్థుడు వస్తువు కొన్నది ఎవరియొద్ద? సొమ్ము పుచ్చుకొన్నవాడే జవాబు చెప్పవలెను గదా!

మన దేశపు స్థితి యేమి? 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి వ్యాజ్యమున, గోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా తీర్పు చెప్పెను. 2025 ఏప్రిలు 9 నుండి సి.సి. కెమెరాలకు భద్రతాపరీక్ష విధింపబడినది. ఇది మెచ్చదగిన పని. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము, తగిన భద్రత చూపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చుననుచున్నది. సంతోషమే. కాని ఆ జరిమానా చేరునది ప్రభుత్వపు సంచితనిధికి. మానము పోయిన యిల్లాలికి పరిహార మిప్పించు నధికారము ఆ చట్టపు బోర్డునకు లేదు. పైగా, నష్టపడినవానికి పరిహారము విధించు ఐ.టి. చట్టములోని 43-ఎ సెక్షనును సైతము ఈ చట్టమే తొలగింప నేర్పరచినది. గాయ మొకరిది, మందు మరియొకరికి! ఇది న్యాయమా?

గృహస్థులు బలహీనమైన పాస్‌వర్డులు వాడుటయే యీ యనర్థములకు మూలమని కంపెనీలవారి వాదము. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని బలహీనమైన పాస్‌వర్డు నంగీకరించు యంత్రమును చేసి యమ్మిన దెవరు? బ్రిటనులో 2024 ఏప్రిలు 29 నుండి, అందరికి తెలిసిన యొకే పాస్‌వర్డుతో ఇట్టి వస్తువుల నమ్మరాదనియు, ఎంతకాలము భద్రతా సవరణలు పంపుదురో ముందే తెలుపవలెననియు శాసనము నడచుచున్నది. అచట సాధ్యమైనది ఇచట నేల సాధ్యము కాదు?

కావున మేము కోరునవి మూడు. దృశ్యములను తెరచు తాళపుచెవి గృహస్థుని ఫోనులోనే యుండవలెను. కంపెనీకి సైతము అవి కనబడరాదు. భద్రతా సవరణల గడువు పెట్టెపై అచ్చువేయవలెను. హాని కలిగినచో పరిహారము నేరుగా ఆ కుటుంబమునకే చెందునట్లు చట్టమును సవరింపవలెను.

శాసనము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. కొనుటకు ముందు దృశ్యము ఎచట నిలువయుండును, ఎవరు చూడగలరు అని అంగడివాని నడుగుడు. ఇంటిలోని మెమరీకార్డుతోనే పనిచేయు కెమెరాలును కలవు, వానిని పరిశీలింపుడు. పడకగదిలో మాత్ర మే కెమెరాయు వలదు. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత నెరిగిన జాతి, ఆ గుట్టును నెలసరి చందా కట్టి పరుల చేత పెట్టుట తగునా?