అమ్మేవారి మాటే వ్యాపార వర్గం మాటా?

ఆరోగ్య సంస్కరణల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఢిల్లీలో ‘పరిశ్రమ అభిప్రాయం’ అనే మాట వినిపిస్తుంది. ఆ అభిప్రాయాన్ని వినిపించేది మాత్రం కార్పొరేట్ ఆసుపత్రులు, బీమా కంపెనీలు, వైద్య పరికరాల సంస్థలు. వైద్యాన్ని అమ్ముకునేవారి ప్రయోజనం యావత్ వ్యాపార ప్రపంచపు ప్రయోజనంగా చెలామణీ అవుతోంది. అయితే వైద్యాన్ని కొనుక్కునే వారిలోనూ వ్యాపారులున్నారు. అసలు సంఖ్యాబలం వారిదే. సూరత్‌లో మగ్గాల యజమాని, తిరుప్పూర్‌లో దుస్తుల యూనిట్ నడిపేవాడు, విజయవాడ ఆటోనగర్‌లో పదిమందికి పని చూపే షెడ్డు యజమాని ఈ దేశపు వ్యాపార వర్గం కాదా? వారిని సంప్రదింపులకు పిలిచేదెవరు?

అమ్మేవారి వైఖరిలో ఒక స్థిరమైన సూత్రం ఉంది. సంస్కరణ మార్కెట్‌ను పెంచితే స్వాగతం, బాధ్యతను పెంచితే ప్రతిఘటన. బీమా రంగంలో విదేశీ పెట్టుబడి పరిమితిని 2021లో 49 శాతం నుంచి 74 శాతానికి పెంచినప్పుడు, 2025 బడ్జెట్‌లో దాన్ని నూరు శాతం చేస్తామని ప్రకటించినప్పుడు హర్షధ్వానాలే వినిపించాయి. అదే 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్ల ధరలకు కళ్లెం వేసి, మందు పూసిన స్టెంట్ గరిష్ఠ ధరను రూ.29,600గా నిర్ణయించినప్పుడు నాణ్యత దెబ్బతింటుందన్న గగ్గోలు మొదలైంది. లక్ష రూపాయలకు పైగా పలికిన స్టెంట్లు ఆ తర్వాత కూడా ఆసుపత్రుల్లో దొరుకుతూనే ఉన్నాయి.

2023లో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం తెచ్చింది. ముందుగా డబ్బు కట్టించుకోకుండా అత్యవసర చికిత్స అందించాలన్నది అందులోని కీలకాంశం. ప్రైవేటు వైద్యులు రోడ్డెక్కారు. 50 పడకల లోపు ఆసుపత్రులకూ, భూమి వంటి ప్రభుత్వ రాయితీలు పొందని వాటికీ మినహాయింపు ఇస్తామన్న ఒప్పందంతో గానీ సమ్మె ముగియలేదు. ఇక 2012 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు ప్రతి చికిత్స ధరనూ రోగికి కనిపించేలా ప్రదర్శించాలని, కేంద్రం నిర్ణయించిన పరిధిలోనే వసూలు చేయాలని చెబుతున్నాయి. ఆ పరిధిని నిర్ణయించకుండా ఏళ్ల తరబడి జాప్యం చేసిన కేంద్రాన్ని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిలదీసింది. దేశమంతటికీ ఒకే ధర అసాధ్యమన్నది ఆసుపత్రుల వాదన. నిబంధన కోరుతున్నది ఒకే ధర కాదు, ఒక పరిధి మాత్రమే. ధర ముందుగా చెప్పకుండా సరుకు అమ్మే స్వేచ్ఛ మరే వ్యాపారికి ఉంది?

ఆసుపత్రుల ఫిర్యాదులన్నీ అబద్ధాలని అనడం న్యాయం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ అయినా, 2018లో రాంచీలో ప్రధాని ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ అయినా బకాయిల జాడ్యం నుంచి తప్పించుకోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బిల్లులు రాలేదంటూ పదే పదే సేవలు నిలిపివేశాయి. పథకానికి నేతల పేర్లు, ఫొటోలు తగిలించుకుని, బిల్లు చెల్లించాల్సి వచ్చేసరికి మొహం చాటేసే ప్రభుత్వాలు కూడా దోషులే. కానీ బకాయి తీర్చమని అడగడం వేరు, ధర గురించి అడగవద్దనడం వేరు. మొదటిది న్యాయమైన హక్కు. రెండోది గుత్తాధిపత్య ధోరణి.

వైద్యం కొనే యజమానుల సంగతీ చూడాలి. కార్మిక రాజ్య బీమా చట్టం 1948 నాటిది. 1952లో కాన్పూర్, ఢిల్లీలలో పథకం ఆరంభమైంది. యజమాని, కార్మికుడు కలిసి చందా కట్టే ఈ పథకంలో 2019 జూలై నుంచి యజమాని వాటాను 4.75 శాతం నుంచి 3.25 శాతానికి, కార్మికుడి వాటాను 1.75 శాతం నుంచి 0.75 శాతానికి తగ్గించారు. ఇరవై వేల జీతగాడి మీద యజమానికి నెలకు మిగిలింది 300 రూపాయలు. పరిశ్రమ సంఘాలు సంతోషించాయి. ఆ చందాతో మంచి ఆసుపత్రులు, చాలినంత మంది వైద్యులు ఎందుకు రాలేదని మాత్రం గట్టిగా అడగలేదు. 2017 జనవరిలో పెట్టిన రూ.21,000 వేతన పరిమితి ఆ తర్వాత ఏళ్ల తరబడి కదలలేదు. జీతం కాస్త పెరిగిన కార్మికుడు రక్షణ కోల్పోతాడు. ఇంట్లో ఒక్క ఆపరేషన్ పడితే యజమాని దగ్గరే అడ్వాన్సు కోసం నిలబడతాడు. చందా రూపంలో తప్పించుకున్న ఖర్చు సెలవులుగా, అప్పులుగా, చేయి తిరిగిన పనివాడు ఊరికి వెళ్లిపోవడంగా తిరిగి యజమాని గుమ్మంలోకే వస్తుంది.

పేదలకు ఆయుష్మాన్, ఉద్యోగులకు గ్రూపు బీమా పోగా మిగిలిన మధ్యస్థ జనాన్ని నీతి ఆయోగ్ 2021 నివేదిక సుమారు 40 కోట్లుగా అంచనా వేసింది. చిన్న వ్యాపారులు, స్వయం ఉపాధి వారు అందులో పెద్ద భాగం. వారికి ఆ నివేదిక చూపిన మార్గం మరో బీమా పాలసీ. ఆ పాలసీ గదిలో పడుకోబెడితే తప్ప పైసా ఇవ్వనిదైతే మధుమేహానికి, రక్తపోటుకు నెలనెలా కొనే మందుల ఖర్చును ఎలా తీరుస్తుంది?

2025 నాటికి జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వ ఆరోగ్య వ్యయం అన్నది 2017 జాతీయ ఆరోగ్య విధానం చేసిన వాగ్దానం. 2021-22 జాతీయ ఆరోగ్య గణాంకాల ప్రకారం, కొవిడ్ ఏళ్లలో సైతం అది 1.84 శాతమే. మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం జనం జేబు నుంచే పోయింది. కార్పొరేట్ పన్ను తగ్గించమని ఏటా బడ్జెట్‌కు ముందు వినతిపత్రాలిచ్చే సంఘాలు ఈ వాగ్దానభంగంపై అంతే పట్టుదలతో ప్రశ్నించవేం? వాటి ఆరోగ్య కమిటీల్లో పెద్దపీట ఆసుపత్రుల అధిపతులదే కావడం అందుకు ఒక కారణం.

నిజమైన వ్యాపార దృక్పథం లెక్క చూస్తుంది. పనిచేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తెలిసిన ధర, సకాలంలో చెల్లింపు, జీతంతో పాటు కదిలే ఈఎస్‌ఐ పరిమితి: ఈ నాలుగూ ఉద్యోగమిచ్చే ప్రతి యజమానికీ లాభమే. చిన్న పరిశ్రమల సంఘాలు అమ్మేవారి గుంపు నుంచి విడివడి కొనేవారిగా తమ జాబితాను తామే ఆరోగ్య మంత్రిత్వ శాఖ ముందు పెట్టాలి. అంతవరకు ‘పరిశ్రమ కోరుతోంది’ అన్న వాక్యం ఎవరు రాసినా, ఏ పరిశ్రమ అని అడగడం పాలకుల కనీస బాధ్యత.